కాలు కదిలితే కరెంటు

ఆ పిల్ల కాలు విరగ్గొట్టింది మీరు. లారీ కాదు. లారీ తోలినవాడు కాదు. చీకటి అంతకన్నా కాదు, చీకటికి చేతులూ కాళ్ళూ ఉండవు. మిల్లు లోపల ఒక్క నూలుపోగు తెగినా కంటపడాలని రాత్రిని పగలు చేసేటన్ని దీపాలు వేసుకున్నారు. ఆ నూలు వడికిన మనిషి గేటు దాటి ఇంటికి పోయే మలుపులో ఒక్క బల్బు వెయ్యడానికి మీకు చేతులు రాలేదు. పోగు తెగితే నష్టం మీది, ఎముక విరిగితే నష్టం దానిది. అదీ మీ న్యాయం.

మీ పేర్లు నేను చెప్పక్కర్లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళు తడుముకుంటారు. అలా తడుముకున్నవాళ్ళలో మీవాడు కానివాడు ఒకడున్నాడు. మావాడే. సైకిళ్ళ మేస్త్రి. ముందు వాడి సంగతి తేల్చి తర్వాత మీ దగ్గరికి వస్తాను.

యాక్సిడెంటు జరిగిన మర్నాడు పొద్దున మేస్త్రి షాపు రేకు తలుపు పైకెత్తి కర్ర పెడుతున్నాడు. అప్పుడొచ్చింది సైకిలు. కాలు విరిగిన ఈలపిల్ల వదిన దాన్ని సీటు కింద పట్టుకుని, వెనక చక్రం గాల్లోకి లేపి, ముందు చక్రం మీద దొర్లించుకుంటూ తెచ్చింది. ఆస్పత్రి నుంచి మలుపుకీ, మలుపు నుంచి ఇక్కడికీ నడిచే వచ్చినట్టుంది.

ఆకాశం రంగు సైకిలు. మిల్లుకొచ్చే సైకిళ్ళన్నీ నల్లవి, అదొక్కటే నీలం. ఈలపిల్ల తనే కూర్చుని బ్రష్షుతో రంగు వేసుకుంది. దూరాన ఈల వినబడి, ఆ వెనకే నీలం కనబడిందంటే, ఎవరొస్తున్నారని ఎవరూ అడగరు. మిషన్ల హోరులో ఒకరినొకరు పిలుచుకోడానికి ఆడవాళ్ళు చప్పట్లు కొడితే ఆ పిల్ల ఈల వేసేది. పేరు అలా వచ్చింది.

ఇప్పుడు ఆ నీలం సైకిలు వెనక రిమ్ము ఎనిమిది అంకెలా మెలిపడి ఉంది. మడ్‌గార్డు కుడివైపు నొక్కుకుపోయింది. మడ్‌గార్డు చివర ఎర్ర లైటు మాత్రం గాజు కూడా పగలకుండా, ఏమీ ఎరగనట్టు అలాగే ఉంది.

"ఎలా ఉందమ్మా పిల్లకి?" అన్నాడు మేస్త్రి.

"తొడ ఎముక విరిగింది. కాలు పైకి కట్టి పడుకోబెట్టారు. నోటికేం కాలేదులే, తెల్లారగానే నర్సు ప్రాణం తీస్తోంది, నా సైకిలేదీ నా సైకిలేదీ అని. మందులకన్నా ముందు ఈ ఇనుప ముక్క కావాలట మహారాణికి. బాగుచెయ్యి అన్నయ్యా."

"చేస్తాను. అసలెలా జరిగింది?"

"దూది లారీ. వెనకనుంచి వచ్చి కొట్టింది. మలుపులో." వదిన మోచేత్తో ముఖం తుడుచుకుంది. "మిల్లు టైంకీపరు రాత్రే ఆస్పత్రికి వస్తే పరామర్శకి వచ్చాడనుకున్నాం. వెనక లైటు వెలగలేదట, అందుకే డ్రైవరుకి కనబళ్ళేదట, తప్పు మా పిల్లదేనట. లైటు లేకుండా తిరిగినందుకు పన్లోంచి తీసేస్తామని, మందుల ఖర్చుతో కూడా తమకి సంబంధం లేదని చెప్పి పోయాడు. కాలు విరిగినదానికి ఉద్యోగం కూడా విరగ్గొడితే మేం ఏం కావాలి?" ఆమె ఆగి మేస్త్రి ముఖంలోకి చూసింది. "వెలగలేదా అన్నయ్యా? నువ్వు బిగించిందేగా?"

"చూస్తానమ్మా" అన్నాడు మేస్త్రి. ఆమె పోయేదాకా సీటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

ఆ షాపు మిల్లు గోడకి ఆనించి వేసిన రేకుల కొట్టు. గోడ మిల్లుది, నేల మిల్లుది. రేకులు మాత్రం మేస్త్రివి. పైన బోర్డు, ఆయన చేత్తో రాసుకున్నదే: 'కాలు కదిలితే కరెంటు. ఇచ్చట డైనమో లైట్లు బిగించబడును.' లైటు లేని సైకిలుని గేటులోకి రానివ్వకూడదని మిల్లువాళ్ళు హుకుం వేసిన దగ్గర్నుంచి ఆ బోర్డు కింద జనం క్యూ కట్టారు.

మేస్త్రి సైకిలుని తలకిందులుగా నిలబెట్టాడు. వెనక చక్రం విప్పాడు. టైరూ ట్యూబూ ఊడదీసి, రిమ్ముని చెక్క దిమ్మ మీద పెట్టి, ఎక్కడ ఉబ్బిందో అక్కడ సుత్తితో కొట్టాడు. దెబ్బ గట్టిగా పడితే రిమ్ము చీలుతుంది, మెత్తగా పడితే లొంగదు. మామూలుగా ఆ పని చేస్తూ కబుర్లు చెబుతాడు, అటువైపు పోయేవాళ్ళని ఆటపట్టిస్తాడు. ఇవాళ నోరు విప్పలేదు. వాళ్ళావిడ పక్కనే కూర్చుని పాత ట్యూబుని పంక్చరు ముక్కలుగా కత్తిరిస్తూ ఒకటికి రెండుసార్లు తలెత్తి చూసింది.

తెగిన స్పోకులు మార్చాడు. ఒక్కొక్కటే బిగిస్తూ, వదులుచేస్తూ, బొటనవేలి గోరు రిమ్ముకి ఆనించి చక్రం తిప్పాడు. గోరుకి తగిలిన చోట బిగింపు మార్చాడు. మళ్ళీ తిప్పాడు. చక్రం వంకర తీరేసరికి మధ్యాహ్నమైంది. చక్రం సరైన కొద్దీ ఆయన చెయ్యి నెమ్మదించింది. ఎందుకంటే చక్రం తిరిగితే డైనమో తిరుగుతుంది. డైనమో తిరిగితే సంగతి తేలుతుంది.

చివరికి చక్రం ఎక్కించి, డైనమో మీట నొక్కి, దాని తల టైరుకి ఆనించాడు. చేత్తో పెడలు తిప్పాడు. డైనమో గుర్రుమంది. ముందు లైటు భగ్గున వెలిగింది.

వెనకది వెలగలేదు.

బల్బు తీసి చూశాడు, బాగానే ఉంది. వైరు లాగి చూశాడు, తెగలేదు. ఇంక చూడాల్సింది ఒక్కటే. ఎర్ర లైటుని మడ్‌గార్డుకి పట్టి ఉంచిన బోల్టు విప్పాడు. లైటు చేతిలోకి వచ్చింది. దాని కింద ఆకాశం రంగు నున్నగా మెరుస్తోంది. ఒక్క గీత లేదు.

డైనమో పని చేసినవాడెవడికైనా చెప్పక్కర్లేని సంగతి. వైరు ఒక్కటే. కరెంటు వైరులో పోయి, సైకిలు ఇనుములోంచి తిరిగి రావాలి. లైటు బిగించే చోట పెయింటు గీకి ఇనుము బయటపెట్టకపోతే దానికి తిరిగొచ్చే దారి ఉండదు. అందుకే ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది మరీ బిగించాలి.

"రంగు గీకకు బాబాయ్, నీకు దణ్ణం పెడతా. తడి ఆరి ఇంకా వారం కాలేదు" అంది లైటు బిగించుకున్న రోజు ఈలపిల్ల. వెనక ఇంకో పదిమంది గోల పెడుతున్నారు. మేస్త్రి లైటుని ఉత్త ఇనుము నట్టుకి ఆనించి చూశాడు. వెలిగింది. "సరేలే" అని దాన్ని రంగు మీదే బిగించి సైకిలు తోసేశాడు. బిగించాక మళ్ళీ తిప్పి చూడలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఎదురుగా నిలబడి ముందు లైటే చూస్తాడు కదా.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు మేస్త్రి. అసలు మంట అది కూడా కాదు. మర్నాడు ఆ పిల్ల షాపు ముందు బ్రేకు వేసి అరిచింది: "బాబాయ్! అందరికన్నా నా లైటే ఎక్కువ వెలుగుతోంది తెలుసా? ఏం మంత్రం వేశావు?" మంత్రమేమిటి. వెనక లైటుకి పోవాల్సిన కరెంటు కూడా ముందు లైటే మింగుతోంది. ఆ మాట వినగానే అనుమానం రావాలి మేస్త్రికి. వచ్చింది కూడా. కానీ "మా ఈలపిల్లంటే మాటలా" అని నవ్వి ఊరుకున్నాడు. చేతిలో పని ఉంది మరి.

"గీకలేదా?" అంది వాళ్ళావిడ. ఎప్పుడు వచ్చి నిలబడిందో.

మేస్త్రి తల ఎత్తలేదు.

"నోట్లో ఏం పెట్టుకున్నావు? గీకలేదా అని అడుగుతున్నా."

"గీకొద్దంది."

"అదంటే? దానికి తెలీదు కాబట్టి వద్దంటుంది. నీకు తెలుసుగా! రేపు బ్రేకులు వద్దంటే బ్రేకులు పీకి పంపిస్తావా?" ఆమె కత్తెర నేలకేసి కొట్టింది. తర్వాత వంగి తనే తీసుకుంది. "ఎవరికీ చెప్పకు" అంది చిన్న గొంతుతో. ఆ రెండో మాట మొదటిదానికన్నా ఎక్కువ గుచ్చుకుంది మేస్త్రికి.

టైంకీపరు ఆ సాయంత్రమే వచ్చాడు. ఎప్పుడూ షాపు గడప తొక్కనివాడు వచ్చి, స్టూలు తుడవకుండానే కూర్చున్నాడు.

"ఏం మేస్త్రీ, వ్యాపారం ఎలా ఉంది?"

"మీ దయ సార్."

"దయకేముందిలే. రేపు సాయంత్రం షిఫ్టు వదిలేలోగా ఒకసారి ఆఫీసుకి రా. పెద్దాయన ముందు ఒక్క మాట చెబితే చాలు. బిగించిన రోజు రెండు లైట్లూ వెలిగాయి, తర్వాత ఆ పిల్లే పాడుచేసుకుంది అని. నిజమేగా? నువ్వు వెలగని లైటు బిగించేవాడివి కాదుగా?"

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"వెలగని లైటు నువ్వే బిగించావంటే మాత్రం," అని టైంకీపరు నవ్వాడు, "అప్పుడు మిల్లుకేం సంబంధం? ఆ పిల్లా నువ్వూ తేల్చుకోవాలి. నాకెలాగైనా ఒకటే. కానీ రెండో గేటు దగ్గర కూడా ఒక షాపు పెట్టిద్దామని పెద్దాయన అనుకుంటున్నారు. మనవాడికే ఇద్దాం అన్నాను. ఆ మనవాడు నువ్వేనా కాదా అన్నది నీ ఇష్టం."

ఇంతలో గేటు వైపు నుంచి లారీ హారన్ వినబడింది. టైంకీపరు కూర్చున్నచోటునుంచే మెడ చాచి రోడ్డు మీద పోయేవాళ్ళ మీద అరిచాడు. "దిగండి! లారీ వస్తుంటే దిగి పక్కకి నిలబడమని ఎన్నిసార్లు చెప్పాలి? ఏయ్, నిన్నే, సైకిలు దిగు!" సైకిళ్ళవాళ్ళు బిలబిలా దిగి కాలువ గట్టుకి ఒదిగారు. దుమ్ము లేపుకుంటూ లారీ పోయింది. ఎక్కించిన దూది బేళ్ళు రోడ్డు సగం దాకా పొడుచుకొచ్చి ఉన్నాయి. "రూలు పెట్టేది మీ మంచికేరా అంటే వినరు" అన్నాడు టైంకీపరు లేస్తూ. "రేపు. మర్చిపోకు."

అతను పోయాక మేస్త్రి ఆకురాయి తీశాడు. మడ్‌గార్డు మీద బోల్టు కన్నం చుట్టూ రుద్దాడు. ఆకాశం రంగు పొడిపొడిగా రాలి అరచేతిలో పడింది. ఇనుము తెల్లగా బయటపడింది. లైటు బిగించి పెడలు తిప్పాడు. ఎర్రగా, నిండుగా, అంత చక్కగా వెలిగింది. ఎందుకు వెలగదు? నాలుగు రుద్దులు.

"ఇప్పుడు వెలుగుతోందిగా" అంది వాళ్ళావిడ. "ఇంకేం? నిన్న కూడా వెలిగిందనే చెప్పు. సైకిలు చూపించు. పిల్లా నిర్దోషి, నువ్వూ నిర్దోషివి."

"అప్పుడు డ్రైవరు మెడకి చుట్టుకుంటుంది. లైటు వెలుగుతున్నా గుద్దాడంటే జైల్లో పెడతారు. వాడేమన్నా ధనవంతుడా? లోడు దించీ దించకముందే రెండో ట్రిప్పు కొట్టమంటే కొట్టినవాడు."

"అయితే ఎవరో ఒకరి మెడకి చుట్టుకోవాలిగా! నీ మెడకే చుట్టుకోవాలని రాసుందా?"

మేస్త్రి ఆకురాయి జేబులో వేసుకున్నాడు. నేరం పడితే పిల్ల మీద, లేకపోతే తన మీద, లేకపోతే డ్రైవరు మీద. తాడు ఒకటే, మెడలు మూడు. తాడు పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఆయనకి ఆ పూట కూడా తోచలేదు. తప్పు చేసినవాడికి తన తప్పు తప్ప ఇంకేదీ కనబడదు. దొరలకి అదే కావాలి.

మర్నాడు పొద్దున మేస్త్రి ఆస్పత్రికి పోయాడు. సైకిలు తొక్కుతూ కాదు, నడిచి. పొడుగాటి హాల్లో మంచాలు రెండు వరసలు. కిటికీ పక్క మంచం మీద ఈలపిల్ల. కాలు పైకి కట్టి, పాదం దగ్గర బరువు వేలాడదీశారు. తాడు, కప్పీ, ఇనుప ముక్క. వదిన స్టూలు మీద కూర్చుని ఆమె జడ విప్పి చిక్కు తీస్తోంది.

"రా బాబాయ్! చూశావా నన్ను కూడా నీ షాపులోలాగే వేలాడదీశారు" అంది ఈలపిల్ల. నవ్వబోయి, నొప్పికి పళ్ళు బిగించింది. "బండి ఎలా ఉంది?"

"బాగైంది. వంకర తీసేశాను."

"నా వంకర ఎప్పుడు తీస్తారో వీళ్ళు. రంగు పోయిందా?"

మేస్త్రి నిలబడే చెప్పాడు. స్టూలు ఇవ్వబోతే కూర్చోలేదు.

"పోయింది. కొంచెం. నేనే గీకాను. ఆ రోజు గీకాల్సింది, నిన్న గీకాను. గీకకపోతే వెనక లైటు వెలగదమ్మా. ఆ రోజునుంచీ అది వెలగనేలేదు. నాకు అనుమానం వచ్చి కూడా పిలిచి చూడలేదు. నిన్ను గుద్దింది లారీ కాదు, నేను."

వదిన చేతిలో దువ్వెన ఆగింది. పక్క మంచం ముసలావిడ కూడా తల తిప్పింది.

ఈలపిల్ల కాసేపు కప్పీ వైపు చూసింది. "లైటు మాట నాకు తెలీదు బాబాయ్. కానీ నేను తొక్కట్లేదుగా" అంది.

"ఏమిటి?"

"లారీవాడు హారన్ కొట్టాడు. దిగిపోయాను. దిగి గట్టుకి జరిగి నిలబడ్డాను. రూలేగా? నిలబడి ఉండగానే వచ్చింది. నిలబడితే నీ డైనమో వెలుగుతుందా?"

వెలగదు. చక్రం ఆగితే ముందుదీ లేదు, వెనకదీ లేదు. గీకినా లేదు, గీకకపోయినా లేదు. లైటు బిగించుకోమన్నదీ వాళ్ళే. లారీ వస్తే దిగమన్నదీ వాళ్ళే. లైటు అవసరమైన ఆ ఒక్క నిమిషంలో లైటు ఆర్పుకోమని రూలు రాసిందీ వాళ్ళే.

గుండెమీది బండ ఒక్కసారిగా జారినట్టయింది మేస్త్రికి. ఊపిరి లోపలిదాకా పోయింది. అప్పుడు కూర్చున్నాడు మంచం అంచు మీద. "అయితే... అయితే నా..." అన్నాడు. నవ్వులాంటిది ముఖం మీదికి వచ్చేసింది, ఆపుకోలేకపోయాడు.

వదిన అది చూసింది.

"అయితే నీ తప్పేం లేదు. అంతేగా?" అంది. "హాయిగా పో అన్నయ్యా. అన్నం తిని పడుకో."

"అది కాదమ్మా..."

"మరేది? గేటు ముందు మేమంతా కూర్చున్న రోజు గుర్తుందా? మలుపులో స్తంభం పాతి దీపం వెయ్యండి, వేసేదాకా లేవం అన్నాం. మేనేజరు బయటికి రావడానికే భయపడ్డాడు. అప్పుడు ఎవరు లేచారు? స్టూలు ఎక్కి, డైనమో చేత్తో తిప్పి, బల్బు వెలిగించి చూపించి, 'స్తంభమెందుకర్రా, మీ కాలు కదిలితే కరెంటు' అన్నది ఎవరు? అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుకుంటూ లేచి ఇళ్ళకి పోయాం. వారం తిరక్కుండా మా అందరి చేతా డైనమోలు కొనిపించారు." ఆమె మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది. "బోల్టు కింద రంగు గీకలేదని ఏడవకు. మా నోట్లో మాట గీకేశావు. అది చూసుకో."

"వదినా, ఊరుకో" అంది ఈలపిల్ల. "బాబాయ్ మంచికే అన్నాడు."

"మంచికేలే. టైంకీపరు కూడా మంచికే అంటాడు."

ముఖం మీద నవ్వు అలాగే ఉండిపోయి, ఏం చెయ్యాలో తెలియక, మేస్త్రి లేచాడు. మంచం కిందికి జారిన దుప్పటి కొస తీసి పైన వేశాడు. పాదానికి వేలాడే బరువు ఊగుతుంటే చేత్తో పట్టుకుని ఆపాడు. తాడు ముడి సరిగ్గా ఉందో లేదో చూశాడు. చెయ్యడానికి ఇంకేం లేదక్కడ.

ఆఫీసులో పెద్దాయన ఎదురు చూస్తున్నాడో లేదో తెలీదు, మేస్త్రి పోలేదు. సాయంత్రం బోర్డు దించాడు. మేకులు బిగుసుకుపోయి ఉంటే పీకి మరీ దించాడు. వాళ్ళావిడ ఎందుకని అడగలేదు. ఈ రేకులు విప్పి ఇంకో గోడ వెతుక్కోవాలని ఆమెకి అర్థమైనట్టుంది. పంక్చరు ముక్కలూ జిగురు డబ్బా ఒక గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టింది. "అన్నీ అయ్యాక తెలివొస్తుంది నీకు" అంది. కొంచెం ఆగి, "పోయిరా. సైకిలు మలుపులో నిలబెడతానన్నావుగా, తాడు తీసుకుపో, స్టాండు గట్టిగా కట్టాలి" అంది.

మలుపు దగ్గర ఒకపక్క మిల్లు గోడ, ఒకపక్క కాలువ. రోడ్డు సన్నం. పొద్దు గుంకింది. నేల మెత్తగా ఉండి స్టాండు దిగబడుతుంటే మేస్త్రి బోర్డుని స్టాండు కింద పరిచాడు. అక్షరాలు పైకే ఉన్నాయి. వాటి మీద నీలం సైకిలుని నిలబెట్టి, స్టాండుని తాడుతో బిగించి, డైనమో టైరుకి ఆనించి, ఎక్కి తొక్కడం మొదలుపెట్టాడు. వెనక చక్రం గాల్లో తిరిగింది. ముందు తెల్లగా, వెనక ఎర్రగా వెలిగాయి. సైకిలు ఎక్కడికీ పోలేదు.

షిఫ్టు వదిలారు. మలుపులోకి లైట్ల వరస వచ్చింది. డైనమోలు గుర్రుమంటూ, దీపాలు ఊగుతూ, ముందున్నవాళ్ళు మేస్త్రిని చూసి ఆగారు. వెనకవాళ్ళు పక్కనుంచి దాటలేక గుమికూడారు.

"ఏం మేస్త్రీ, ఊరెళ్తున్నావా?" అన్నాడొకడు.

"తొక్కు తొక్కు, రేపటికల్లా గేటు చేరతావు!"

"కాలు కదిలితే కరెంటన్నావుగా, ఆపకు మరి!"

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. తొక్కుతూనే చెప్పాడు, ఆయాసంతో ముక్కలు ముక్కలుగా. "ఆ పిల్ల ఇక్కడ నిలబడి ఉంది. తొక్కట్లేదు. దిగి నిలబడింది. నిలబడితే ఇది వెలగదు. ఆ ముక్క ఆ రోజు స్టూలు ఎక్కి చెప్పలేదు నేను. నా సరుకు అమ్ముడుపోదని చెప్పలేదు. వెనక లైటు రంగు మీద బిగించాను, అదీ నేనే. టైంకీపరు అబద్ధం చెప్పమన్నాడు. చెప్పను."

నవ్వులు ఆగాయి. ఎవరో ఒక బూతు మాట అన్నారు. మేస్త్రిని అన్నారో టైంకీపరుని అన్నారో తెలియలేదు. మేస్త్రి తననే అనుకుని తల వంచుకుని తొక్కాడు. తొడలు మండుతున్నాయి.

గేటు వైపు నుంచి టైంకీపరు పరిగెత్తుకొచ్చాడు. "ఏమిటీ గుంపు? మేస్త్రీ, నీకు మతిపోయిందా, దిగు!" అంతలో వాళ్ళ వెనక లారీ హారన్ మోగింది. టైంకీపరు అలవాటు కొద్దీ చెయ్యెత్తి అరిచాడు. "లారీ! దిగండి అందరూ! దిగి పక్కకి నిలబడండి!"

అందరూ దిగారు. అలవాటే కదా. మేస్త్రి కాళ్ళు కూడా ఆగిపోయాయి. ఆయనకి కూడా అలవాటే.

మలుపంతా ఒక్క దెబ్బకి చీకటైపోయింది. ఒక్క దీపం లేదు. పక్కనున్న మనిషి ముఖం పక్కనున్న మనిషికి కనబడలేదు. కాలువలో నీళ్ళ చప్పుడు, లారీ ఇంజను చప్పుడు, అంతే. రోజూ అదే జరుగుతోంది. రోజూ దిగుతున్నారు, రోజూ ఆరిపోతోంది. కానీ అందరూ ఒకేసారి నోరు మూసుకుని దాన్ని చూడటం అదే మొదటిసారి.

"అమ్మో" అంది ఒక ఆడగొంతు, నెమ్మదిగా.

ఎవరో మేస్త్రి భుజం పట్టుకుని కిందికి లాగారు. "దిగు అన్నయ్యా. నీ కాళ్ళు అయిపోయాయి" అంది వదిన. ఆస్పత్రి నుంచి ఎప్పుడొచ్చిందో. ఆమె సీటు ఎక్కింది. తొక్కింది. ఎర్ర దీపం మళ్ళీ వెలిగింది. చీకట్లో అదొక్కటే.

లారీ కీచుమని ఆగింది. డ్రైవరు దిగొచ్చాడు. అదే డ్రైవరు. సన్నగా, గడ్డం మాసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. తన లారీ దీపాల వెలుగులో గోడకి అతుక్కుని ఉన్న మనుషులని ఒక్కొక్కరినే చూశాడు. "ఇంతమంది ఉన్నారా ఇక్కడ?" అన్నాడు. మలుపు తిరిగేదాకా తన దీపాలు కాలువ మీదే పడతాయని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. టైంకీపరు ఏదో అనబోయాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

మేస్త్రి నేలమీద కూర్చుని ఉన్నాడు. లేవడానికి కాళ్ళు రాలేదు. ఎవరూ ఆయన్ని క్షమించలేదు, ఎవరూ తిట్టనూ లేదు. ఒకావిడ తన సైకిలు తెచ్చి నీలం సైకిలు పక్కన స్టాండు వేసి ఎక్కింది. ఇంకొకాయన ఎక్కాడు. మేస్త్రి పాకుతూ వెళ్ళి వాళ్ళ స్టాండ్ల కింద రాళ్ళు పెట్టాడు. డైనమో మీటలు నొక్కాడు. ఒకదానికి వెనక లైటు వెలగకపోతే జేబులోంచి ఆకురాయి తీసి, బోల్టు విప్పి, ఆ వెలుగులోనే రంగు గీకాడు.

వాళ్ళు ఇంకా తొక్కుతున్నారు. ఎంతసేపు తొక్కుతారు? పొద్దుటినుంచి మీ మిషన్ల దగ్గర నిలబడిన కాళ్ళు అవి.

ఇక మీ సంగతి. ఆ మలుపులో స్తంభం పాతండి. మిల్లు లోపల వెలిగే కరెంటే దానికీ ఇవ్వండి, గోడకి ఇటువైపు తెచ్చేది ఒక్క వైరే. లారీ వస్తే మనిషి దిగాలన్న రూలు చింపెయ్యండి, మనిషి కనబడితే లారీ ఆగాలని రాయండి. ఆ పిల్ల ఉద్యోగం ఆ పిల్లకి ఉంచండి, కాలు నిలబడేదాకా మందులు మీరే పెట్టండి. డ్రైవరు మెడ మీదనుంచి చెయ్యి తియ్యండి. రేపు చూద్దాం అనకండి. ఇప్పుడు, వాళ్ళ కాళ్ళు ఆగకముందే దీపం వెయ్యండి.